కెరోటిడ్ బ్లాక్ ఉన్నవాళ్ల పర్ఫ్యూజన్ ఎమ్మారై: రక్తం తగ్గిందా, ఆలస్యమైందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నాన్నగారికి 67 ఏళ్లు. మెడ డాప్లర్‌లో ఎడమ కెరోటిడ్‌కి (మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) 75–80 శాతం బ్లాక్ అన్నారు. పక్షవాతం లక్షణాలు ఎప్పుడూ లేవు. మామూలు ఎమ్మారై నార్మల్. న్యూరాలజిస్టు చెప్తే ఏఎస్ఎల్ పర్ఫ్యూజన్ (డై లేకుండా మెదడు రక్తప్రసరణ చూసే ఎమ్మారై) చేయించారు. అందులో "ఎడమ ఎంసీఏ ప్రాంతంలో రక్తప్రసరణ తగ్గింది, ఆర్టీరియల్ ట్రాన్సిట్ ఆర్టిఫాక్ట్ ఉంది" అని రాశారు (ఎంసీఏ అంటే మెదడు పక్కభాగానికి రక్తం ఇచ్చే పెద్ద నాళం, ఆ ఆర్టిఫాక్ట్ అంటే రక్తం ఆలస్యంగా చేరడం వల్ల బొమ్మలో పడే గుర్తు). సగం మెదడుకు రక్తం అందట్లేదా, వెంటనే స్టెంట్ వేయించాలా, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ 1.6 ఉన్న మనిషికి డై ఎక్కించి మళ్లీ స్కాన్ చేయొచ్చా అని అడిగారు.

నేను న్యూరో రేడియాలజిస్టుని. ఇలాంటి స్కాన్లు చదవడమే నా పని. ముందు సూటిగా చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

ఈ రిపోర్టును బట్టి ఎడమ మెదడుకు రక్తం అందట్లేదని అనుకోవద్దు. ఆలస్యంగా అందుతోందని మాత్రం చెప్పొచ్చు. నిజంగా తగ్గిందో లేదో ఈ ఒక్క సీక్వెన్స్‌తో తేలదు. స్టెంటా, ఆపరేషనా, మందులా అన్న నిర్ణయం కేవలం ఈ రంగుల బొమ్మ మీద జరగదు, జరగకూడదు. క్రియాటినిన్ 1.6 ఉన్నా గాడోలినియం (ఎమ్మారైకి వాడే డై) ఇవ్వడానికి సాధారణంగా అడ్డేమీ ఉండదు. కానీ దాని కంటే ముందు డై లేకుండానే చేయదగిన పని ఒకటి మిగిలి ఉంది. అది కింద చెప్తాను.

ఇక కారణాలు.

మన ఒంటి బరువులో మెదడు 2 శాతమే అయినా, గుండె పంపే రక్తంలో 15 శాతానికి పైగా అదే తీసుకుంటుంది. సగటున నిమిషానికి ప్రతి 100 గ్రాముల మెదడుకు 50 మిల్లీలీటర్ల రక్తం. పైన ఉండే బూడిదరంగు పొరకు అంతకంటే ఎక్కువ, లోపలి తెల్ల పదార్థానికి బాగా తక్కువ. ఈ 50 అన్నది సుమారు 20 కిందకి దిగితే నరకణాలు పని ఆపేస్తాయి, 10 దగ్గరకొస్తే చచ్చిపోతాయి. అంటే మధ్యలో చాలా జాగా ఉంది.

మెడలో నాళం సన్నబడితే మెదడు చేతులు కట్టుకుని కూర్చోదు. మొదట పక్కదారులు తెరుచుకుంటాయి. మెదడు అడుగున రక్తనాళాలన్నీ ఒక ఉంగరంలా కలుస్తాయి. 1664లో దాన్ని వివరంగా రాసిన థామస్ విల్లిస్ పేరుమీదే ఇప్పటికీ సర్కిల్ ఆఫ్ విల్లిస్ అంటున్నాం. కుడి కెరోటిడ్ నుంచి ముందు వంతెన మీదుగా, వెనక నాళాల నుంచి వెనక వంతెన మీదుగా ఎడమవైపుకి రక్తం మళ్లుతుంది. ఈ ఉంగరం అందరికీ పూర్తిగా ఉండదు, పుట్టుకతోనే ఒకటి రెండు ముక్కలు సన్నగానో, లేకుండానో ఉన్నవాళ్లు చాలామంది. ఒకే శాతం బ్లాక్ ఇద్దరిని రెండు రకాలుగా ఎందుకు చూస్తుందో చాలావరకు ఇక్కడే తెలుస్తుంది. ఒక కెరోటిడ్ పూర్తిగా మూసుకుపోయినా, ఉంగరం బాగుండబట్టి ఏమీ తెలియకుండా తిరుగుతున్నవాళ్లు మా దగ్గరికి వేరే పనిమీద వచ్చి బయటపడుతుంటారు.

పక్కదారులు చాలకపోతే లోపలి చిన్న నాళాలు వెడల్పవుతాయి. అప్పుడు నిమిషానికి అందే రక్తం తగ్గదు. నాళాల్లో నిలిచే రక్తం పెరుగుతుంది, దాటడానికి పట్టే సమయం పెరుగుతుంది. అదీ చాలకపోతే మూడో మెట్టు: వచ్చిన కొంచెం రక్తంలోంచే ఆక్సిజన్‌ను ఎక్కువగా పిండుకోవడం. మామూలుగా మూడోవంతు నుంచి 40 శాతం దాకా తీసుకునే మెదడు ఇంకా ఎక్కువ లాగేస్తుంది. దీన్నే మిజరీ పర్ఫ్యూజన్ అంటారు. భయపడాల్సింది ఈ మూడో మెట్టుకి. లక్షణాలు లేకుండా 75–80 శాతం దగ్గర ఉన్నవాళ్లు ఎక్కువమంది మొదటి మెట్టు మీదో, రెండో మెట్టు మొదట్లోనో ఉంటారు.

ఇప్పుడు మీ ఏఎస్ఎల్ సంగతి. ఇందులో సూది లేదు. మెడ దగ్గర పైకి వెళ్తున్న రక్తంలోని నీటికి అయస్కాంతంతో ఒక గుర్తు వేస్తారు, కొంతసేపు ఆగుతారు, తర్వాత మెదడు ఫొటో తీస్తారు. గుర్తు వేసిన ఫొటోలోంచి వేయని ఫొటోని తీసివేస్తే మిగిలేది మెదడులోకి చేరిన రక్తం. మిగిలే సిగ్నల్ ఒక శాతం లోపే, అందుకే అదే పనిగా మళ్లీ మళ్లీ తీసి సగటు కడతారు, నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆగే సమయమే ఇక్కడ కీలకం. 2015లో వచ్చిన అంతర్జాతీయ నిపుణుల సిఫార్సు ప్రకారం 70 ఏళ్ల లోపు ఆరోగ్యవంతులకు 1.8 సెకన్లు, అంతకు పైబడిన వాళ్లకీ, పిల్లలు కాని రోగులందరికీ 2 సెకన్లు. ఇంకా ఎక్కువ ఆగొచ్చు కదా అంటే, వేసిన గుర్తు చెరిగిపోతూ ఉంటుంది. 3 టెస్లా మెషిన్‌లో రక్తానికి ఆ కాలం సుమారు 1.65 సెకన్లు, 1.5 టెస్లాలో అంతకంటే తక్కువ.

బ్లాక్ ఉన్నవైపు రక్తం చుట్టుదారిన వస్తుంది కాబట్టి ఆ 2 సెకన్లలో గమ్యం చేరదు. ఫొటో తీసే క్షణానికి ఇంకా పైనాళాల్లోనే ఉంటుంది. అందుకే మెదడు అంచుల వెంట వానపాముల్లాంటి తెల్లటి గీతలు కనిపిస్తాయి. వాటి వెనక ఉన్న మెదడు నల్లగా పడుతుంది. మెషిన్‌కి ఈ విషయం తెలియదు, నల్లగా ఉంది కాబట్టి రక్తం తక్కువ అని లెక్క కట్టేస్తుంది. కాలువ చివరి శివారు పొలానికి నీళ్లు సాయంత్రం చేరతాయి. మధ్యాహ్నం వెళ్లి చూసి ఈ పొలానికి నీళ్లే రావు అని రాసుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే.

కాబట్టి మీ రిపోర్టులో రెండు ముక్కలున్నాయే, "తగ్గింది" అనీ "ట్రాన్సిట్ ఆర్టిఫాక్ట్" అనీ, రెండోది ఉన్నప్పుడు మొదటిదాన్ని అంత గట్టిగా నమ్మకూడదు. పైగా ఆ గీతలు పక్కదారులు పనిచేస్తున్నాయనడానికి గుర్తు కూడా. రిపోర్టు రాసినవారు తప్పు రాశారని కాదు, కనిపించింది రాశారు. చదివే మనమే రెండూ కలిపి చదవాలి.

ముందు చేయాల్సింది ఇదీ: వేర్వేరు ఆలస్యాలతో ఏఎస్ఎల్ చేయగలరా అని స్కాన్ సెంటర్‌ని అడగండి. మల్టీ డిలే ఏఎస్ఎల్ అంటారు. ఒకే ఫొటో కాకుండా, తక్కువ ఆలస్యం నుంచి 3 సెకన్ల పైదాకా వరసగా తీస్తారు. దాంతో రక్తం ఎంత అన్నదీ, ఎప్పుడు చేరింది అన్నదీ విడివిడిగా లెక్క కట్టొచ్చు. చివరి ఫొటోల్లో ఎడమవైపు నిండితే అది ఆలస్యమే. అప్పటికీ నిండకపోతే, ముఖ్యంగా రెండు నాళాల సరిహద్దు ప్రాంతాల్లో నల్లగా మిగిలితే, అప్పుడు ఆలోచించాలి. ఇది 3 టెస్లా మెషిన్‌లో బాగా వస్తుంది. 1.5 టెస్లాలో సిగ్నల్ తక్కువ, గుర్తు త్వరగా చెరిగిపోతుంది, ఆలస్యం పెంచేకొద్దీ బొమ్మ గింజలు గింజలుగా అయిపోతుంది. జిల్లా కేంద్రాల్లో చాలాచోట్ల ఉన్నవి 1.5 టెస్లావే కాబట్టి, వీలైతే దీనికోసం ఒక్కసారి పెద్ద ఊరికి రావడం మేలు.

చిన్న విషయమే గానీ ఎవరూ అడగనిది ఒకటి: స్కాన్ రోజు ఉదయం కాఫీ, టీ తాగొద్దు. కెఫీన్ మెదడు రక్తప్రసరణను కొలవగలిగేంత తగ్గిస్తుంది. రక్తహీనత ఉంటే పెరిగినట్టు చూపిస్తుంది. హిమోగ్లోబిన్ రిపోర్టు తీసుకెళ్లండి. మెడలో ఇదివరకే స్టెంట్ ఉన్నవాళ్లైతే టెక్నీషియన్‌కి ముందే చెప్పి తీరాలి. గుర్తు వేసే చోటు సరిగ్గా స్టెంట్ మీద పడితే ఆ లోహం వల్ల గుర్తు సరిగా పడదు, ఆ వైపు మెదడంతా రక్తం లేనట్టు కనిపిస్తుంది. స్టెంట్ వేసిన నెలకే అది మూసుకుపోయిందని కంగారుపడుతూ వచ్చిన కుటుంబం ఒకటి నాకు బాగా గుర్తు. డాప్లర్‌లో స్టెంట్ శుభ్రంగా తెరిచి ఉంది. గుర్తు వేసే చోటు కొంచెం కిందకి జరిపి మళ్లీ తీస్తే రెండు వైపులా సమానంగా వచ్చింది.

డై సంగతికి వద్దాం. గాడోలినియంతో చేసేది డీఎస్సీ పర్ఫ్యూజన్. మోచేతి దగ్గర లావుపాటి కాన్యులా పెట్టి సెకనుకు 4–5 మిల్లీలీటర్ల వేగంతో ఎక్కిస్తారు. అది మెదడులోంచి దాటిపోతుంటే సెకనున్నరకో ఫొటో చొప్పున తీస్తారు. రెండు నిమిషాల్లోపే అయిపోతుంది. ఎంత రక్తం నిలిచింది, ఎంతసేపు పట్టింది, ఎప్పుడు శిఖరానికి చేరింది అన్న మ్యాపులు వస్తాయి. 67 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.6 అంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత లెక్క) దాదాపు 47. భయపడే హద్దు 30 కింద. ఇప్పుడు వాడే మాక్రోసైక్లిక్ రకం గాడోలినియంతో అక్కడ కూడా ప్రమాదం చాలా తక్కువ. అయినా మీ నెఫ్రాలజిస్టుకి ఒక మాట చెప్పండి, క్రియాటినిన్ తాజాగా చేయించండి. ఇక్కడో తేడా గమనించండి: సీటీ స్కాన్‌కి వాడే అయోడిన్ డై వేరు, ఇది వేరు. "డై వద్దన్నారు" అని వచ్చేవాళ్లు ఎక్కువగా ఈ రెండింటినీ కలిపేస్తారు.

డీఎస్సీలోనూ ఒక ఉచ్చు ఉంది. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో సాఫ్ట్‌వేర్ దానంతట అదే రంగులు వేసి "టీమ్యాక్స్ 6 సెకన్లు దాటిన ప్రాంతం ఇన్ని మిల్లీలీటర్లు" అని ముద్రించి ఇస్తుంది. టీమ్యాక్స్ అంటే రక్తం చేరడంలో ఆలస్యానికి కొలత. ఆ 6 సెకన్ల హద్దు అప్పటికప్పుడు వచ్చిన స్ట్రోక్ కోసం, గంటల వ్యవధిలో గడ్డ తీయాలా వద్దా తేల్చడానికి పెట్టింది. ఏళ్ల తరబడి మెల్లగా సన్నబడ్డ కెరోటిడ్ ఉన్నవాళ్లలో రక్తం ఎటూ ఆలస్యంగానే వస్తుంది కాబట్టి, ఏ ప్రమాదమూ లేకుండానే సగం మెదడు రంగు మారిపోతుంది. అలాంటి ప్రింటు చేతిలో పట్టుకుని అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లున్నారు. రోగి ఏమో శుభ్రంగా కూర్చుని మాట్లాడుతూనే ఉంటాడు.

మరి నిజంగా నిల్వ, అంటే నాళాలు ఇంకా వెడల్పయ్యే శక్తి, ఎంత మిగిలిందో తెలియాలంటే? నాళాలను కావాలని వెడల్పు చేయించి చూడాలి. అసెటజోలమైడ్ ఒక గ్రాము నిదానంగా నరంలోకి ఇస్తారు, పావుగంట తర్వాత మళ్లీ ఏఎస్ఎల్ తీస్తారు. మంచి మెదడులో రక్తప్రసరణ మూడోవంతో, అంతకంటే ఎక్కువో పెరుగుతుంది. అప్పటికే నాళాలు పూర్తిగా వెడల్పయి ఉంటే పెరగడానికి చోటుండదు. కొందరిలో మందు ఇచ్చాక తగ్గుతుంది కూడా, ఎందుకంటే మంచి వైపు నాళాలు తెరుచుకుని ఉన్న రక్తాన్ని అటు లాగేసుకుంటాయి. దీన్ని స్టీల్ అంటాం. నా దృష్టిలో అన్ని పర్ఫ్యూజన్ బొమ్మల్లోకీ ఎక్కువ సమాచారం ఇచ్చేది ఇదే. సల్ఫా అలర్జీ ఉన్నవాళ్లకి, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి ఆచితూచి వాడాలి. మీ నాన్నగారి విషయంలో ఇది చేయాలంటే కిడ్నీ డాక్టరు మాట తప్పనిసరి.

ఇక అసలు ప్రశ్న: ఈ లెక్కలన్నీ తేలితే స్టెంట్ నిర్ణయం మారుతుందా?

ఇక్కడ చరిత్ర కొంచెం చేదుగా ఉంది. 1998లో సెయింట్ లూయిస్‌లో కెరోటిడ్ పూర్తిగా మూసుకుపోయిన 81 మందిని పెట్ స్కాన్‌తో చూశారు. ఆక్సిజన్ ఎక్కువగా పిండుకుంటున్న 39 మందిలో 12 మందికి తర్వాత స్ట్రోక్ వచ్చింది. మిగతా 42 మందిలో ముగ్గురికే వచ్చింది. అంటే మూడో మెట్టు మీద ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువన్నది నిజం. సరే, అలాంటివాళ్లనే ఏరి తలపై నాళాన్ని మెదడు నాళానికి కలిపే బైపాస్ చేస్తే? ఆ పరీక్షే కాస్. 2011లో ఫలితం వచ్చింది: రెండేళ్లకి స్ట్రోక్ లాంటివి బైపాస్ చేసినవాళ్లలో 21.0 శాతం, చేయనివాళ్లలో 22.7 శాతం. తేడా లేదు. ఆపరేషన్ జరిగిన నెలలోపే 14 శాతానికి పైగా స్ట్రోక్‌లు రావడంతో వచ్చిన లాభం అంతా అక్కడే పోయింది. రక్తప్రసరణ తక్కువని కనిపెట్టడం వేరు, దాన్ని సరిచేస్తే రోగికి మేలు జరగడం వేరు. ఇంటర్వ్యూల్లో జూనియర్లని నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది.

అది పూర్తి మూసివేత కథ. మీ నాన్నగారిది సన్నబడటం. లక్షణాలు వచ్చినవాళ్లలో 70–99 శాతం బ్లాక్ ఉంటే మెడ నాళంలోని పూడిక తీసే ఆపరేషన్ మేలని 1991లోనే నాసెట్ అనే పరీక్ష తేల్చింది: రెండేళ్లలో ఆ వైపు స్ట్రోక్ 26 శాతం నుంచి 9 శాతానికి దిగింది. లక్షణాలు లేనివాళ్ల గురించి 2025 చివర్లో క్రెస్ట్–2 అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. 70 శాతం, ఆపైన బ్లాక్ ఉన్నవాళ్లకి గట్టిగా మందులు వాడితే నాలుగేళ్లలో స్ట్రోక్ లాంటివి 5–6 శాతం మందికి వచ్చాయి. మందులతో పాటు స్టెంట్ వేస్తే 6.0 నుంచి 2.8కి తగ్గింది. ఆపరేషన్ వైపు మందులతో 5.3, ఆపరేషన్ కూడా చేస్తే 3.7. ఆపరేషన్ వైపు వచ్చిన ఈ తేడాని మాత్రం గణాంకాల లెక్కలో ఖాయమైనదిగా తీసుకోలేం. గమనించండి, మందులతోనే వందలో తొంభై నాలుగు మంది బాగున్నారు. పైగా ఆ పరీక్షలో స్టెంట్ వేసిన డాక్టర్లంతా ముందే నైపుణ్యం చూసి ఎంపిక చేసినవాళ్లు. కాబట్టి మీ డాక్టరుని అడగాల్సిన ప్రశ్న, "మీ చేతిలో కెరోటిడ్ స్టెంట్‌కి స్ట్రోక్ వచ్చే శాతం ఎంత?" మొహమాటపడొద్దు, మంచి డాక్టరు సమాధానం చెప్తారు.

ఈ పరీక్షల్లో దేనిలోనూ రోగులను ఏఎస్ఎల్ చూసి ఎంచుకోలేదు. క్రెస్ట్–2కి అనుబంధంగా క్రెస్ట్–హెచ్ అని ఒకటి నడిచింది. రక్తప్రసరణ తగ్గినవాళ్లలో జ్ఞాపకశక్తి, ఆలోచనావేగం తగ్గుతాయా, బ్లాక్ తీస్తే తిరిగొస్తాయా అన్నది ఎమ్మారై పర్ఫ్యూజన్‌తో చూడటం దాని పని. నాన్నగారికి ఈమధ్య మతిమరుపు పెరిగిందని అనిపిస్తే న్యూరాలజిస్టుకి తప్పకుండా చెప్పండి. దానికోసం స్టెంట్ వేయించాలని మాత్రం ఇప్పుడే అనుకోకండి.

అయితే పర్ఫ్యూజన్ దండగ అనుకోవద్దు. మూడుచోట్ల నేను దాని మాట వింటాను. ఒకటి, లక్షణాలు వింతగా ఉన్నప్పుడు. లేచి నిలబడితే ఒక చెయ్యో కాలో వణికి, కూర్చుంటే ఆగిపోవడం అలాంటిదే. దీన్ని ఫిట్స్ అనుకుని మందులు వాడుతుంటారు. ఒకాయన బీపీ మాత్ర వేసుకున్న గంటకి కుడిచెయ్యి ఊగేదని వచ్చాడు. ఎడమ కెరోటిడ్ దారంలా మిగిలింది, అసెటజోలమైడ్ ఇస్తే ఆ వైపు పెరగడానికి బదులు తగ్గింది. ఆయన విషయంలో బ్లాక్ తీయాలా వద్దా అని ఎవరూ ఆలోచించాల్సిన పని లేకపోయింది. రెండు, రెండు వైపులా బ్లాక్ ఉన్నప్పుడు ఏది ముందు అన్నది తేల్చడానికి. మూడు, బ్లాక్ తీయాలని నిర్ణయం అయిపోయాక. నిల్వ పూర్తిగా అయిపోయిన మెదడుకి ఒక్కసారిగా రక్తం వదిలితే తట్టుకోలేదు. తలనొప్పి, ఫిట్స్, ఒక్కోసారి రక్తస్రావం. హైపర్‌పర్ఫ్యూజన్ అంటారు, ఎక్కువగా మొదటి వారంలో వస్తుంది. ముందే తెలిస్తే ఆ రోజుల్లో బీపీని గట్టిగా పట్టుకుంటారు.

మామూలు ఎమ్మారై "నార్మల్" అన్నారు కదా, ఆ సీడీని మళ్లీ చూపించండి. నేనైతే పర్ఫ్యూజన్ కంటే ముందు అదే చూస్తాను. డిఫ్యూజన్, ఫ్లెయిర్ అనే ఎమ్మారై బొమ్మల్లో ఎడమవైపు తెల్ల పదార్థంలో పూసలు గుచ్చినట్టు వరస చుక్కలు ఉన్నాయా? అవి సరిహద్దు ప్రాంతపు చిన్న ఇన్‌ఫార్క్టులు, అంటే రక్తం అందక చచ్చిన చోట్లు. రెండువైపులా సమానంగా చెదురుమదురుగా ఉంటే వయసువో, బీపీవో. ఒక్క వైపే వరసగా ఉంటే అర్థం వేరు. "వయసుకి తగ్గ మార్పులు" అన్న ఒక్క వాక్యం కింద ఈ చుక్కలు దాక్కోవడం చాలాసార్లు చూశాను. ఎస్‌డబ్ల్యూఐ (సిరలు బాగా కనిపించే ఎమ్మారై బొమ్మ) తీసి ఉంటే ఎడమవైపు సిరలు నల్లగా, లావుగా కనిపిస్తున్నాయా చూడమనండి. ఆక్సిజన్ ఎక్కువగా పిండుకుంటున్నారనడానికి డై లేకుండా దొరికే ఆనవాలు అది. ఇవేవీ లేవంటే, ఏఎస్ఎల్‌లో వానపాములు ఉన్నా నేను ప్రశాంతంగానే ఉంటాను.

ఇంకొకటి. చాలా స్ట్రోక్‌లు రక్తం చాలక రావు, మెడలోని పూడిక ముక్క విరిగి పైకి కొట్టుకుపోతే వస్తాయి. అందుకే పూడికలో రక్తస్రావం ఉందా అన్నది మెడ ఎమ్మారైలో చూడటం ఒక్కోసారి మెదడు పర్ఫ్యూజన్ కంటే ఎక్కువ ఉపయోగం. కొవ్వు సిగ్నల్‌ను అణిచి తీసే టీ1 అనే ఎమ్మారై బొమ్మలో పూడిక తెల్లగా మెరిస్తే జాగ్రత్తపడాలి. అలాగే మన దేశంలో తలలోపలి నాళాల బ్లాకులు పాశ్చాత్యుల కంటే ఎక్కువ. మెడ దగ్గర ఆగిపోకుండా తలలోపలి యాంజియో కూడా చూశారా అని అడగండి. ఎడమ ఎంసీఏలోనే ఇంకో సన్నం ఉంటే ఆలస్యానికి కారణం అది కావచ్చు, మెడలో స్టెంట్ వేసినా ఆలస్యం పోదు.

ఈలోపు స్టాటిన్, ఆస్పిరిన్ ఆపొద్దు. బీపీ మాత్రల మోతాదు మీ అంతట మీరు పెంచొద్దు, తగ్గించొద్దు. మాట తడబడినా, కుడిచెయ్యో కాలో బలం తగ్గినా, ఎడమ కంటికి తెర దించినట్టయినా, అది ఐదు నిమిషాల్లో పోయినా సరే, ఆ రోజే ఆసుపత్రికి. అప్పుడు ఆయన "లక్షణాలు లేనివారు" కాదు, నిర్ణయం రెండు వారాల్లోపు జరగాలి.

వీలైతే ఇక్కడే కింద ఇవి రాయండి: డాప్లర్‌లో ఎడమ ఐసీఏ (మెదడుకి వెళ్లే కెరోటిడ్ కొమ్మ) పీఎస్‌వీ, అంటే రక్తం గరిష్ఠ వేగం, ఎంత (సెకనుకు 230 సెంటీమీటర్లు దాటిందా), కుడివైపు ఎంత, ఏఎస్ఎల్ ఏ టెస్లా మెషిన్‌లో ఎంత ఆలస్యంతో తీశారు, తలలోపలి యాంజియో రిపోర్టులో ముందు వంతెన ఉందన్నారా లేదా. పేరు, ఫోన్ నంబరు, ఆసుపత్రి ఐడీ కనిపించకుండా పెట్టండి. చూసి చెప్తాను.